650 పదాల్లో అబ్బాయి ఎక్కడ?

బెంగళూరు మారతహళ్లిలో మన తెలుగు పిల్లల అమెరికా కాలేజీ దరఖాస్తు వ్యాసాలు దిద్దే నాకు అక్టోబరు వచ్చిందంటే తలనొప్పే. చాలా అమెరికా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసుకునే వెబ్‌సైటు కామన్ యాప్ వ్యాసానికి ఇచ్చేది గరిష్ఠంగా 650 పదాలు. వాటిలో రాసిన పిల్లవాడు కనిపించాలి. నిన్న ఒక అబ్బాయి, కరెంటు పోయిన రాత్రి లిఫ్టులో ఇరుక్కుని, తోడున్న వాచ్‌మన్‌కు ధైర్యం చెప్పబోయి తానే ఏడ్చేసిన సంగతిని ఎంతో నిజాయితీగా రాసుకొస్తే, వాళ్ల నాన్నగారు ఎర్ర పెన్నుతో ఆ ఏడుపును కొట్టివేసి, పైన ‘నాయకత్వ లక్షణాలు’ అని చేర్చారు. అనాథాశ్రమంలో ఒక్క పూట దుప్పట్లు పంచిన ముచ్చట మాత్రం ఉండి తీరాలట! (ఆ దుప్పట్లను ఈ ఏడాది ఇప్పటికే నాలుగు వ్యాసాల్లో చూశాను.) పైగా, “మీరే రాసిపెట్టేయండి మేడమ్, ఫీజుదేముంది” అని సెలవిచ్చారు. చాలా కాలేజీల ముందస్తు దరఖాస్తుల గడువు నవంబరు 1. రాత్రి ఆ అబ్బాయి పాత ప్రతినే మళ్లీ పంపాడు, నాన్నకు చెప్పవద్దంటూ.