ఎగ్గొట్టేవాడికి డాక్టరేట్ ఇవ్వాలి

చెన్నైలో వ్యాపార తగాదాలకు లాయరు కావాలంటే ఎవరైనా మొదట ప్యారీస్ కార్నర్ దారే పడతారు. హైకోర్టు ఎదుట తంబు చెట్టి వీధి, లింగి చెట్టి వీధుల్లో మేడ మెట్ల పక్కన ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న నేమ్‌బోర్డులు చూస్తే, దేశంలో చట్టం తెలిసినవాళ్లంతా ఇక్కడే ఉన్నారనిపిస్తుంది. అది భ్రమ. చట్టం నిజంగా తెలిసినవాడికి బోర్డు ఉండదు, నల్లకోటు ఉండదు. అతను మీ దగ్గర సరుకు తీసుకుని డబ్బు ఇవ్వాల్సిన పెద్దమనిషి.

తమాషాకి అనడం లేదు. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో షీట్ మెటల్ పార్టులు చేసి ఇచ్చే తెలుగాయన ఎవరినైనా తీసుకోండి. మిషన్ చప్పుడు విని బేరింగ్ ఎక్కడ పోయిందో చెబుతాడు. నిద్రలో లేపి అడిగినా జీఎస్టీ రిటర్న్ తేదీ చెబుతాడు. తనకు రావాల్సిన పద్దెనిమిది లక్షలకు కాలదోషం ఎప్పుడు పడుతుందో మాత్రం తెలియదు. ఇవ్వాల్సినవాడికి తెలుసు. తేదీతో సహా తెలుసు.

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం సరుకు బాకీ మీద దావాకు గడువు మూడేళ్లు. ఆ లోపల బాకీదారు ‘అవును, ఇవ్వాలి’ అని రాసి సంతకం చేస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కొంత సొమ్ము కట్టి, కట్టినట్టు రాసి ఇచ్చినా అంతే. అందుకే మన పండితుడు రాయడు, కట్టడు. ఫోన్‌లో మాత్రం ఆయనంత మంచివాడు లేడు. ‘అన్నా, మీ డబ్బు ఎక్కడికి పోతుందన్నా? పొంగల్ పోనివ్వండి.’ పొంగల్ పోతుంది, మార్చి ఎండింగ్ వస్తుంది. ఆ తర్వాత పిల్లల స్కూలు ఫీజులు. ఆ తర్వాత ఆడి నెల. ఆ నెలలో టీ నగర్ డిస్కౌంట్ చీరలకు తప్ప చెన్నైలో ఎవరి జేబులోంచీ రూపాయి కదలదు. తర్వాత దీపావళి బోనస్‌లు. వాట్సాప్‌లో లెక్క పంపితే రెండు నీలం టిక్కులు, ఒక దండం బొమ్మ. బొటనవేలు బొమ్మ మాత్రం చచ్చినా పెట్టడు. అది ఒప్పుకోలు అని రేపు ఎవరైనా వాదిస్తే? గోడ మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి దయ్యానికే వాయిదా వేసిన జాతి మనది, అప్పులవాడు ఒక లెక్కా? కాకపోతే ఈయన ఆ నాలుగు ముక్కలు కూడా రాయడు. రాస్తే సాక్ష్యం.

మూడేళ్లు నిండిన మర్నాడు గొంతు మారుతుంది. ‘అన్నా’ పోయి ‘అండీ’ వస్తుంది. ‘ఏ బాకీ అండీ?’

ఇక మనవాడి చేతిలో బ్రహ్మాస్త్రం ఉందని ప్రభుత్వం అనుకుంటోంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది కదా. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాడు ఎంత ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లి గెలిస్తే, ఆ తీర్పు మీద కోర్టుకు పోదలచిన కొనుగోలుదారు ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చేయాలి. మైలాపూర్ వడ్డీ వ్యాపారి కూడా ఇంత కఠినంగా పత్రం రాయించుకోడు. ఇంత ఉన్నా మనవాడు కౌన్సిల్ గడప తొక్కడు. ఎందుకంటే నెక్స్ట్ ఆర్డర్ పోతుంది. పాత బాకీ రాకపోయినా పరవాలేదు, కొత్త బాకీ పుట్టే అవకాశం పోకూడదు. పండితుడు చదువుకున్నది చట్టం ఒక్కటే కాదు, మనవాడి భయాన్ని కూడా. 45 రోజుల్లో ఇవ్వని సొమ్మును ఆ ఏటి ఖర్చుగా చూపించుకోనివ్వమని 2023 ఫైనాన్స్ చట్టంలో ఆదాయపు పన్ను నిబంధన తెచ్చారు. దానికి ఆయన విరుగుడు ఎంత సున్నితంగా ఉంటుందో చూడండి: ‘అన్నా, చిన్న పరిశ్రమ అని నమోదు చేయించుకునే ఈ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గొడవంతా మీకెందుకన్నా?’

చెక్కుల సంగతి సరే సరి. బౌన్స్ అయిందని బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. అందుకున్నవాడికి 15 రోజుల గడువు, అది దాటాక నెలలోపు కంప్లైంట్. మనవాడు నోటీసు ఇవ్వడు, బావమరిదిని రాయబారం పంపుతాడు. అక్కడ మంచి ఫిల్టర్ కాఫీ ఇస్తారు. నాలుగు కాఫీలు తాగేసరికి 30 రోజులూ అయిపోతాయి, చెక్కుకున్న మూడు నెలల ఆయువూ తీరుతుంది. సకాలంలో కేసు పడ్డా కంగారు లేదు. ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ‘ప్రయత్నించాలి’ అని చట్టం అంటోంది. ప్రయత్నలోపం ఎవరిదీ ఉండదు.

వ్యాపార తగాదాలు త్వరగా తేలాలని 2015లో కమర్షియల్ కోర్టుల చట్టం తెచ్చారు. మొదట కోటి రూపాయల పైన ఉన్న తగాదాలకే ఆ భాగ్యం. 2018లో దాన్ని 3 లక్షలకు దించారు. అయితే ఈ వేగవంతమైన కోర్టులో అడుగు పెట్టాలంటే, అర్జెంటుగా స్టే లాంటిది అడిగితే తప్ప, ముందు రాజీ కుదిర్చే మీడియేషన్‌కు వెళ్లి రావాలి. వెళ్లకుండా వేసిన దావా చెల్లదని 2022లో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఈ మీడియేషన్‌కు మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే మరో రెండు. అవతలివాడు రావడానికే ఒప్పుకోకపోతే? ‘రాలేదు’ అని కాగితం ఇస్తారు. ఆ కాగితం పట్టుకుని, తమిళనాడు రేటు ప్రకారం నూటికి మూడు రూపాయల కోర్టు ఫీజు కట్టి, దావా వేయాలి. 2017 దాకా ఈ ఫీజు నూటికి ఏడున్నర ఉండేది కాబట్టి కళ్లకద్దుకుని కట్టాలి. సమన్లు అందాక జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు దయతలిస్తే 120. ఆ తర్వాత ఒక్క రోజు కూడా లేదు. పండితుడికి ఆ ఒక్క రోజు అక్కర్లేదు. ఆయనకు 120 అంటే 120.

పూర్వం మనవాళ్లు ‘ఐపీ పెట్టేశాడు’ అంటే ఊరంతా అయ్యో అనేది. 2016లో దివాలా కోడ్ వచ్చాక డబ్బు రావాల్సినవాడే బాకీపడ్డ కంపెనీని ట్రిబ్యునల్‌కు లాగొచ్చు అన్నారు. లక్ష రూపాయల బాకీ ఉన్నా చాలన్నారు. పండితులకు కొన్నాళ్లు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. 2020 మార్చిలో ఆ లక్షను కోటి చేశారు. అప్పటి నుంచి వాళ్లు ఎవరికి బాకీ పడ్డా కోటి దాటకుండా మర్యాద పాటిస్తున్నారు. దాటిందే అనుకోండి, ఇంకో కిటుకుంది. నోటీసుకు ముందే సరుకు మీద నిజమైన తగాదా ఉంటే ట్రిబ్యునల్ పిటిషన్ తీసుకోదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీరు పంపిన బ్రాకెట్లలో రంధ్రం అర మిల్లీమీటర్ పక్కకుందని ఒక మెయిల్ ముందుగానే వస్తుంది. అప్పటికి ఆ బ్రాకెట్లు బిగించిన బండ్లు శ్రీపెరుంబుదూర్ దాటి ఎక్కడెక్కడో తిరుగుతుంటాయి.

ఆర్బిట్రేషన్ గురించి, అంటే కోర్టుకు బదులు తీర్పరి దగ్గర తేల్చుకోవడం గురించి, ఎక్కువ చెప్పను. పర్చేజ్ ఆర్డర్ వెనక చీమతల అక్షరాల్లో, తగాదా వస్తే మా ఎండీగారు నియమించినవారే తీర్పరి అని ఉండేది. అలా ఒక పక్షమే ఏకపక్షంగా పెట్టడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు అంది. చీమతల అక్షరాలు ఇంకా అలాగే ఉన్నాయి. చదివినవాడు లేడు కాబట్టి మార్చాల్సిన అవసరమూ రాలేదు.

ఇంత జరుగుతుంటే లాయర్లు నోరు విప్పి ‘మేమున్నాం’ అనడానికి లేదు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ప్రకటనలు నిషేధం. ఆన్‌లైన్ పోర్టళ్ల ద్వారా కేసులు పట్టే లాయర్ల మీద చర్య తీసుకోవాలని 2024 జులైలో మద్రాస్ హైకోర్టే చెప్పింది. అందుకని పెద్ద లా ఫర్మ్‌ల వెబ్‌సైట్ తెరవగానే ఒక పెట్టె అడ్డం పడుతుంది: నన్నెవరూ పిలవలేదు, నా అంతట నేనే వచ్చాను, ఇది ప్రకటన కాదని నాకు తెలుసు, ఒప్పుకుంటున్నాను. మనవాడు జీవితంలో పూర్తిగా చదివి సంతకం పెట్టిన ఒప్పందం బహుశా అదొక్కటే.

కనుక నా ప్రతిపాదన ఇది. న్యాయ సేవల రంగంలో ఈ అపారమైన ప్రతిభ వృథా పోతోంది. చెన్నైలోనే లా యూనివర్సిటీ ఉండనే ఉంది. అక్కడ ఎగవేత శాస్త్రానికి ఒక పీఠం పెట్టి, ఈ పెద్దమనుషులకు గౌరవ డాక్టరేట్లిచ్చి, కమర్షియల్ లా పాఠాలు వాళ్లతోనే చెప్పించాలి. జీతం మాత్రం పొంగల్ తర్వాత ఇద్దాం.

ఒక్క ఇబ్బంది ఉంది. ఈ విద్య డబ్బు ఇవ్వాల్సినప్పుడే పనిచేస్తుంది, పుచ్చుకోవాల్సినప్పుడు పనిచేయదు. ఇలాంటి పండితుడొకరికి ఆయనకంటే పెద్ద పండితుడు తగిలాడు. మొదటాయన ఆయాసపడుతూ లింగి చెట్టి వీధిలో మెట్లెక్కి లాయరు ముందు కూలబడ్డారు. ఈ దేశంలో న్యాయం ఉందా, డబ్బు రావాల్సినవాడికి దిక్కెవరు అని పావుగంట ఆవేదనపడ్డారు. లోపలి నుంచి జూనియర్ ప్యాడ్ పట్టుకుని వచ్చింది.

‘పర్చేజ్ ఆర్డర్ ఉందా సార్?’

‘నోటి మాటేనమ్మా. ఎన్నాళ్ల పరిచయం!’

‘డెలివరీ చలాన్ మీద వాళ్ల సంతకం? బాకీ ఒప్పుకుంటూ మెయిల్ గానీ, లెటర్ గానీ?’

‘అవన్నీ ఎందుకమ్మా, నమ్మకం మీద నడిచే వ్యాపారం. పొంగల్ తర్వాత ఇస్తానని ఒట్టేసి చెప్పాడు.’

జూనియర్ పెన్ను క్యాప్ తీసింది.

‘ఏ సంవత్సరం పొంగల్ సార్?’