మన మనిషికి గతం ఎందుకు?

2013లో కాన్ చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించిన ‘ఆల్ ఈజ్ లాస్ట్’ను విమర్శకులు ఆదరించిన మాట నిజమే కాని, వారిలో చాలామంది మెచ్చుకోవలసినదాన్ని పక్కన పెట్టి మరొకదాన్ని మెచ్చుకున్నారు. విడుదలనాటికి 77 ఏళ్లున్న రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ తోడుగా మరో నటుడు లేకుండా, దాదాపు మాటే లేకుండా, గంటన్నరకు పైగా తెరమీద నిలబడటాన్ని ఒక సాహసకృత్యంగా వర్ణించి సరిపెట్టుకున్నారు. కచేరీ విని వచ్చి గాయకుడి ఊపిరితిత్తులను పొగడటం లాంటిది ఇది. దర్శకుడు జె.సి. చాండర్ అంతకుముందు తీసిన ‘మార్జిన్ కాల్’ (2011) ఆఫీసు గదుల్లో ఆసాంతం మాటలతోనే నడుస్తుంది కనుక, ఇక్కడి మౌనం ఆయన తెలిసి ఎంచుకున్నదే.

హిందూ మహాసముద్రం నడుమ ఒక మనిషి నిద్ర లేచేసరికి పడవలోకి నీళ్లు వస్తున్నాయి. ఏదో ఓడ మీదినుంచి జారిపడి, బూట్ల సరుకుతో తేలుతున్న కంటైనర్ ఒకటి పడవ పక్కను చీల్చింది. అతడు కేకలు పెట్టడు. నీటిలో తేలే లంగరును ఆ కంటైనర్‌కే కట్టి, ఆ ఈడ్పుతో దాన్ని పడవనుంచి విడదీస్తాడు. చిల్లు మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి జిగురు పట్టిస్తాడు. చేతిపంపుకు పిడి లేకపోతే కర్ర చెక్కి అమరుస్తాడు. రబ్బరు తెప్పలోకి చేరాక, దాచుకున్న మంచినీళ్లలో ఉప్పునీరు కలిసిందని తెలిసినప్పుడు, డబ్బా కోసి, పైన ప్లాస్టిక్ కప్పి, ఎండకు ఆవిరైన నీటిని బొట్టు బొట్టుగా పట్టుకుంటాడు. ఈ పనులను కెమెరా తీరిగ్గా చూపుతుంది. ఒక్కొక్కటీ ముగిసేసరికి అతడి ఓర్పు, మొండితనం, తొందరపాటు మనకు తెలిసిపోతాయి. పాత్రచిత్రణ అంటే ఇంతకన్నా ఏముంటుంది?

తెరచాప పడవలు నడిపేవాళ్ల అభ్యంతరం వేరు. అంత దూరం ఒంటరిగా వెళ్లేవాడి దగ్గర ఉపగ్రహానికి ఆపద సంకేతం పంపే పరికరం లేకపోవడమేమిటని, తుపాను ముంచుకొస్తుంటే గడ్డం గీసుకోవడమేమిటని ఏకిపారేశారు. అందులో కొంత సబబే. అయితే ఇది నావికులకు పాఠ్యపుస్తకం కాదు. పొరపాటు చేసి, దాన్ని చేతిలో ఉన్న వస్తువులతో దిద్దుకోబోయే మనిషే ఇక్కడ కథ.

నాకు అసలు కోపం తెప్పించేది ‘అతడెవరో తెలియలేదు’ అన్న ఫిర్యాదు. చివరి టైటిల్స్‌లో కూడా అతడు ‘మన మనిషి’ మాత్రమే. సూర్యుణ్నీ నక్షత్రాలనూ చూసి సముద్రంలో తామెక్కడున్నదీ లెక్కగట్టే పరికరం సెక్స్టెంట్ ఉన్న పెట్టెలో ఒక కార్డు కనబడుతుంది కాని, అందులో ఏం రాసి ఉందో మనకు చూపరు. అదే ఏడాది వచ్చిన ‘గ్రావిటీ’లో అంతరిక్షంలో చిక్కుకున్న కథానాయికకు చనిపోయిన కూతురి జ్ఞాపకాన్ని జోడించారు, ఊపిరాడని మనిషి బతకాలనుకోవడానికి మరేదో కారణం ఉండి తీరాలన్నట్టు. దానికి 7 ఆస్కార్లు వచ్చాయి.

ఈ జబ్బు మనకు కొత్తది కాదు. ఇంటర్వెల్ తర్వాత ఫ్లాష్‌బ్యాక్ పడకపోతే కథానాయకుడికి వ్యక్తిత్వమే లేదని మనం తేల్చేస్తాం. అతడు రైతైతే నాగలి పట్టేది ఒక్క పాటలో, అదీ రెండు షాట్లలో. సింగీతం శ్రీనివాసరావు 1987లో సంభాషణలే లేకుండా ‘పుష్పక విమానం’ తీసినప్పుడే మాట లేకున్నా మన ప్రేక్షకులు సినిమా చూడగలరని తేలిపోయింది. అయినా, పనిని చూపితే మనిషి కనబడతాడన్న నమ్మకం మాత్రం మన తెరకు ఇంకా కుదరలేదు.

న్యూయార్క్ విమర్శకుల సంఘం రెడ్‌ఫోర్డ్‌ను ఉత్తమ నటుడిగా ఎంపిక చేసినా, ఆస్కార్ నామినేషన్ ఆయనకు రాలేదు. సినిమాకు దక్కిన ఏకైక నామినేషన్ సౌండ్ ఎడిటింగ్‌కు. ఆ అవార్డూ చివరికి ‘గ్రావిటీ’కే వెళ్లింది. ఆ నామినేషన్‌ను కంటితుడుపుగా భావించినవాళ్లున్నారు, నేను భావించను. పంపు కిర్రుమనడం, పడవ అడుగున నీళ్లు గలగలమనడం, తాడు బిగిసినప్పటి మూలుగు, ఇవే ఆ సినిమా సంభాషణలు. వాటిని చెవిపెట్టి విన్నది ఆ ఒక్క విభాగం వాళ్లే.