'మెంటల్ సర్టిఫికెట్' ఉంటే హత్య చేసినా వదిలేస్తారా?

ఏదైనా ఘోరం జరిగి, నిందితుడికి మతిస్థిమితం లేదన్న మాట టీవీలో వినపడితే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదీ: "పిచ్చి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఎంతమందిని నరికినా కేసు కొట్టేస్తారు. నాలుగు నెలలు ఎర్రగడ్డలో పడుకుని ఇంటికొచ్చేస్తాడు. అమెరికాలో అయితే వీళ్ల కోసం వేరే కోర్టులు పెట్టి మరీ వదిలేస్తున్నారు. ఇలాంటివాళ్లను బయట తిరగనివ్వకూడదు."

ఉచిత న్యాయసహాయం కింద క్రిమినల్ కేసులు చూసే లాయర్ని నేను. ఈ మెసేజ్ మా బంధువుల గ్రూపులో మూడోసారి వచ్చాక ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి మాట, సర్టిఫికెట్. పాత ఐపీసీ 84వ సెక్షనే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. దాంట్లో సర్టిఫికెట్ ఊసే లేదు. ఆ పని చేసే సమయానికి మతిస్థిమితం లేక, తాను ఏం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉంటేనే నేరం కాదంటుంది. జబ్బు ఉండటం వేరు, ఆ క్షణాన మనిషి ఆ స్థితిలో ఉండటం వేరు. దాన్ని రుజువు చేయాల్సిన భారం నిందితుడిదేనని, చూడాల్సింది నేరం జరిగిన సమయాన్నేనని సుప్రీంకోర్టు 1964లోనే చెప్పింది. 2011లో తీర్పు వచ్చిన జార్ఖండ్ హత్య కేసు ఒకటుంది. నిందితుడి తరఫున మానసిక వైద్యుడి చీటీలు కోర్టు ముందు పెట్టారు. అయినా శిక్ష నిలిచింది. మనిషిని కాల్చాక అక్కడున్న డ్రైవర్ని బెదిరించడం, పారిపోవడం, పిస్తోలును బావిలో పడేయడం చూసి, ఏం చేశాడో అతనికి తెలుసనే కోర్టు తేల్చింది.

విచారణ నాటికి మనిషి తన కేసు తాను అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటే కేసు వాయిదా పడుతుంది, నిజమే. అయితే అది ఆగడమే, కొట్టేయడం కాదు. కోలుకున్నాక మళ్లీ నడుస్తుంది. ఈ రెంటినీ కలిపేసి "తప్పించుకున్నాడు" అనేస్తున్నారు.

ఇక "ఇంటికొచ్చేస్తాడు". నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మాటే. మతిస్థిమితం లేదన్న కారణంతో నిర్దోషిగా తేల్చినా, ఆ పని అతను చేశాడా లేదా అన్నది జడ్జి తీర్పులో స్పష్టంగా రాయాలి. చేశాడని రాస్తే మనిషి నేరుగా ఇంటికి రాడు. భద్రమైన కస్టడీలో ఉంచాలి, లేదా బంధువో మిత్రుడో అర్జీ పెట్టుకుని, జాగ్రత్తగా చూసుకుంటానని, ఎవరికీ హాని జరగనివ్వనని, పిలిచినప్పుడు హాజరుపరుస్తానని పూచీకత్తు ఇస్తే అప్పగించాలి. శిక్ష పడినవాడికి ఫలానా ఏడు విడుదల అని లెక్క ఉంటుంది. ఇతనికి ఆ లెక్కే ఉండదు.

లెక్క లేకపోతే ఏమవుతుందో అస్సాంకు చెందిన మచల్ లాలుంగ్ జీవితం చూస్తే తెలుస్తుంది. 1951లో, 23 ఏళ్ల వయసులో, తీవ్రంగా గాయపరిచాడన్న కేసులో పట్టుకున్నారు. తేజ్‌పూర్ మానసిక ఆస్పత్రికి పంపారు. 1967లో డాక్టర్లు బాగున్నాడని రాసిచ్చారు. విచారణ మొదలుపెట్టాలి కదా? పెట్టలేదు, గువాహటి జైలుకు మార్చారు. ఆ తర్వాత ఎవరికీ గుర్తు లేడు. 2005 జులైలో, 77 ఏళ్ల వయసులో, రూపాయి పూచీకత్తు మీద వదిలారు. 54 ఏళ్లలో ఒక్కసారి కూడా విచారణ జరగలేదు. 2007లో సుప్రీంకోర్టు 3 లక్షల పరిహారం, నెలకు వెయ్యి రూపాయలు ఇవ్వమంది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన పోయాడు.

ఒక్కడి కథే అనుకోకండి. హజారీబాగ్ జైల్లో మతి బాగుపడ్డాక కూడా ఏళ్ల తరబడి మగ్గిన ఖైదీల సంగతి 1982లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. బెంగాల్లో ఏ నేరమూ చేయని మానసిక రోగులను జైళ్లలో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1993లో చెప్పాల్సి వచ్చింది. మన 22వ సెక్షన్‌కు మూలమైన ఇంగ్లండ్ కేసులో నిందితుడు మెక్‌నాటన్ సంగతీ అంతే. 1843లో లండన్‌లో నిర్దోషిగా తేలినవాడు 1865లో చనిపోయేదాకా బయటికి రాలేదు.

అమెరికా మాటకొస్తే, ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో 1997లో మొదలైన మానసిక ఆరోగ్య కోర్టు ముందుగా చేపట్టింది చిన్న నేరాల కేసులు. హంతకుల్ని వదలడానికి పెట్టింది కాదు. ఇష్టపడినవాళ్లే అందులో చేరతారు. చికిత్స తీసుకుంటున్నారా, ఎక్కడ ఉంటున్నారు, ఎలా ఉన్నారు అని అదే జడ్జి పదే పదే పిలిచి అడుగుతారు. మామూలు కోర్టులో కొద్ది రోజుల జైలుతో పోయే కేసుకు ఇక్కడ నెలల తరబడి పర్యవేక్షణ. ఇలాంటి కోర్టుల మీద వేయాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి: చికిత్స కావాలంటే ముందు అరెస్టు కావాలా, జైలు బూచి చూపించి "ఇష్టమేనా" అంటే అది ఇష్టమేనా అని. మెసేజ్‌లో అవేవీ లేవు.

మనకు అలాంటి కోర్టులు లేవు. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం ఉంది. రాష్ట్రానికి కనీసం ఒక జైలు వైద్య విభాగంలోనైనా మానసిక చికిత్సా కేంద్రం ఉండాలని 103వ సెక్షన్ చెబుతుంది. రోడ్ల మీద తిరిగే రోగిని పోలీసులు రక్షణలోకి తీసుకుంటే లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని 100వ సెక్షన్ అంటుంది.

"బయట తిరగనివ్వకూడదు" అన్నదానికి ఎక్కువ చెప్పను. మానసిక జబ్బు ఉన్నవాళ్లలో చాలామంది ఎవరి జోలికీ పోరు, దెబ్బలు తినేవైపే ఎక్కువగా ఉంటారు. ఆ మెసేజ్ చదివేవాళ్లలో మందులు వేసుకుంటూ ఉద్యోగానికి వెళ్లొచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

మీ ఇంట్లో చికిత్సలో ఉన్న మనిషిని పోలీసులు తీసుకెళితే, మొదటి రిమాండు రోజునే మేజిస్ట్రేటుకు ఆ సంగతి చెప్పండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. పాత మందు చీటీలు, ఆస్పత్రి ఓపీ కార్డులు తేదీల వారీగా సర్ది జిరాక్సులు తీసి ఇవ్వండి. జైల్లో మందులు ఆగకుండా ఆదేశించమని అదే రోజు పిటిషన్ వేయించండి. అసలు కాగితాలు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.