హమీద్ పేరుకు రికార్డు అడ్డమా?

ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా ధామూపూర్ బడి గోడ మీద, 1965 యుద్ధంలో ప్రాణాలిచ్చి దేశపు అత్యున్నత శౌర్య పతకం పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరు మళ్లీ కనిపిస్తోంది. కుటుంబం అడిగింది, ప్రతిపక్షాలు గొడవ చేశాయి, అప్పుడు గానీ రాయలేదు. బడులను బాగుచేసే కేంద్ర పథకం పీఎం శ్రీ కింద రంగులు వేసిన రోజున గోడ మీది ఆ పేరు చెరిగిపోయింది, తిరిగి రాయాలని ఎవరికీ గుర్తు రాలేదు. పథకం పేరు మాత్రం పొల్లు పోకుండా రాశారు.

రికార్డుల్లో ఉన్న పేరే రాశామన్నది అధికారుల వాదన. పథకం నిధులతో బడి బాగుపడితే మాకూ సంతోషమే. కానీ ఊరంతా పిలిచే పేరు రికార్డుకు ఎక్కకపోవడం ఎవరి తప్పు? హమీద్ తప్పా?

ఆయన దర్జీ కొడుకు. తండ్రితో కలిసి బట్టలు కుట్టినవాడు 1954లో సైన్యంలో చేరి, 1962లో చైనా యుద్ధం చూశాడు. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర, జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్‌తో (ట్యాంకులను కొట్టే తేలికపాటి ఫిరంగి) పాకిస్తాన్ పాటన్ ట్యాంకులను ఒక్కొక్కటిగా పేల్చేశాడు. ట్యాంకుకున్న కవచం జీపుకు ఉండదు. గుండు పేల్చగానే వెనక లేచే దుమ్ము మనిషి ఎక్కడున్నాడో పట్టిస్తుంది. క్షణాల్లో చోటు మార్చాలి, లేకపోతే అంతే. సెప్టెంబరు 10న అదే జరిగింది. ట్యాంకు గుండు తగిలి చనిపోయేనాటికి ఆయన వయసు 32. 1966 గణతంత్ర దినాన, మన సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతిగా ఉండగా, పరమవీర చక్రను భార్య రసూలన్ బీబీ అందుకున్నారు.

ఇదంతా రికార్డే కదా?

2023లో అండమాన్‌లో 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టారు. అందులో హమీద్ పేరూ ఉంది. మంచి పని. ఎక్కడో సముద్రం మధ్య దీవికి పనికొచ్చిన పేరు, సొంతూరి బడికి అక్కర్లేకపోయిందా?

మా భయం ఈ ఒక్క గోడ గురించి కాదు. పీఎం శ్రీ కింద దేశమంతటా 14,500కు పైగా బడులను ఎంపిక చేస్తామన్నారు. వాటిలో ఎన్నింటిని ఊళ్లు తమ వీరుల పేర్లతో పిలుచుకుంటున్నాయో ఎవరైనా చూశారా? రికార్డులో లేదన్న ఒక్క మాటతో పరమవీర చక్ర గ్రహీత పేరే చెరిగిపోతే, అంతకన్నా చిన్న పతకమైన సేనా మెడల్ తెచ్చుకున్న సిపాయి పేరు ఏ మూల నిలుస్తుంది? అడగడానికి అతనికి ప్రతిపక్షం కూడా దొరకదు. ఇవాళ సున్నం వేశాక గొడవైతే సరిదిద్దారు. గొడవ కాని చోట?

గోడ మీద రాత రికార్డు కాదని చెప్పింది అధికారులే. అయితే ఆ రికార్డే మార్చండి. బడి పేరును అధికారికం చేస్తూ ఉత్తర్వు ఇవ్వండి. ఏటా సెప్టెంబరు 10న ధామూపూర్‌లో దండలు వేసి ఫొటోలు దిగే నాయకులు ఈసారి ఆ ఉత్తర్వు కాపీ పట్టుకుని రావాలి. అది లేకుండా వచ్చేట్టయితే, రాకపోవడమే మర్యాద.