పంగలకర్ర గురి: ముందు దవడ దగ్గర చెయ్యి కుదరాలి

పంగలకర్రతో కొట్టేటప్పుడు గురి చూడకుండా, రెండు కళ్లూ తెరిచి అలవాటు మీద కొట్టడమే మేలని కొందరు అంటారు. కొత్తవాళ్లకు అది కుదరదు. పంగను అడ్డంగా పట్టుకుని, గుండు పెట్టే సంచిని ప్రతిసారీ ఒకే చోటికి, అంటే నోటి మూలకో చెంప ఎముకకో లాగండి. పై కొమ్ము కొనను గురి మీద పెట్టండి. రబ్బరు పట్టీ అంచు కంటి కింద సన్నటి గీతలా కనిపించాలి. వెడల్పుగా కనిపిస్తే దెబ్బ పక్కకు పోతుంది.

10 మీటర్ల నుంచి 10 గుండ్లు కొట్టాకే మార్పులు చేయండి. అన్నీ ఒకేచోట కింద పడుతుంటే లాగే చోటును కాస్త దించండి, పైన పడుతుంటే ఎత్తండి. చెల్లాచెదురుగా పడితే తప్పు గురిది కాదు: సంచి మెలిపడటమో, గుండు మధ్యలో లేకపోవడమో, పట్టీల పొడవు తేడానో చూడండి. కళ్లకు రక్షణ అద్దాలు మాత్రం తప్పనిసరి, పట్టీ తెగితే ముఖం మీదికే వస్తుంది.