హారం గారికి, రొయ్యల గుంట గట్టు మీద నుంచి

అయ్యా హారం గారూ, నమస్కారం. భిన్నంలో గీత కింద కాలు మీద కాలేసుకోని కూర్చోనుండే మీకు ఈ జాబు ఎందుకు రాస్తా ఉండానంటే, మొన్న మీ పుణ్యాన పక్క చేలో నారుమడికి ఉప్పునీళ్లు పొయ్యాయి. పేరుకే హారం, మెళ్లో పడినాక తెలిసింది ఉరితాడని.

మాది అరెకరం గుంట. పెద్ద మోటారు ఒక్కటే ఆడితే 20 గంటల్లో నిండుద్ది, పాతది ఒక్కటే అయితే 30. ఈసారి రెండూ వేద్దాం, ఎప్పటికి నిండుద్దో చెప్పరా అన్నాడు నాయన, నేను డిగ్రీ చదివినోణ్ణి గదా, గంటకి పెద్దది 1/20 వంతు, పాతది 1/30 వంతు అని మేత బస్తా మీద రాసి, పైన ఒకటీ ఒకటీ రెండు, కింద ఇరవై ముప్పై యాభై, 2/50 అంటే 1/25, తిరగేస్తే 25 గంటలు అని చెప్పేసి, సాయంత్రం 6కి మోటార్లు వేసి, రేపు రాత్రి 7కి వస్తే చాల్లే అని ఇంటికి పోయి పులుసన్నం తిని పడుకున్నా.

పొద్దున 7కి ఫోను. పోయి చూస్తే గట్టు ఒక మూల జారిపోయి ఉండాది, పక్క చేను పెదనాయన నారుమడిలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి నోరు చేసుకుంటా ఉండాడు. మా నాయన మాత్రం గమ్మున బస్తా మీద లెక్క చూసి ఒకటే మాటన్నాడు: "అబ్బయా, పెద్దది ఒక్కటే 20 గంటల్లో నింపేదానికి రెండోది తోడైతే 25 అవుద్దా? రెండోది నీళ్లు పోసేదానికి పెట్టినావా, తోడేసేదానికా?"

ఆయన చదివింది అయిదో తరగతి.

మీ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కింద మీరిద్దరూ ఒకటి కాందే పైనున్న లవాల్ని కలవనియ్యరు, మీకు బళ్లో పెట్టిన పేరే విజాతి భిన్నాలు. ఇరవై గారికీ ముప్పై గారికీ మధ్యన 60 అనే పెద్దమనిషి వచ్చి కూర్చుంటే గానీ పంచాయితీ తెగదు. 3/60, 2/60, మొత్తం 5/60, అంటే 1/12. తిరగేస్తే 12 గంటలు, సరిగ్గా పొద్దున 6. నాకొచ్చిన 25 ఏందయ్యా అంటే ఉత్త సగటు, ఇరవైకీ ముప్పైకీ నట్టనడుమ, ఎంత బుద్ధిమంతుడిలా ఉండాదో చూడండి, నమ్మక చస్తామా?

మా అవ్వ దగ్గర మీ ఆటలు సాగలా. రూపాయికి 16 అణాలు, పావలా అంటే నాలుగు, బేడ అంటే రెండు, కలిపితే ఆరణాలు అని నోటితోనే చెప్పేసేది, మీరు కిందున్నారని కూడా ఆమెకి తెలీదు. 1957లో నయాపైసలొచ్చినా ఆమె లెక్క మారలా. అంతెందుకు, మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని 11, 12 శతాబ్దాల నాడే తెలుగు పద్యాల్లోకి దించిన పావులూరి మల్లన ఉండాడు గదా, ఇంటిపేరులోనే పావు పెట్టుకున్న మనిషి! అంత వెనకటి నుంచి తెలుగులో ఉన్న లెక్కని నేను మేత బస్తా మీద ముంచేసినా.

మా అక్క కొడుకు ఏడో తరగతి. వాడు 60 తెచ్చి 1/12 దాకా చక్కగా చేసి, తిరగేయడం మర్చిపోయి, "మామా, గంటలో పన్నెండో వంతు, 5 నిమిషాల్లో నిండుద్ది" అన్నాడు. అరెకరం గుంట! వాణ్ణి తిట్టేదానికి నాకు మొహం చెల్లలా.

నారు డబ్బులు కట్టినాం, గట్టు వేసినాం. ఈ సాయంత్రం మళ్లీ నీళ్లు పెడతా ఉండాం, నాయన 15 గంటల్లో నింపే మూడో మోటారు కూడా తెచ్చాడు. 3, 2, 4 కలిపి 9/60, తిరగేస్తే 6 గంటల 40 నిమిషాలు. 6కి వేస్తే రాత్రి 12.40కి నిండాల, 12.30కి అలారం పెట్టుకున్నా.

నాయన మాత్రం నా మంచం గట్టు మీదే వేయించాడు.