తాంగ్‌హులు పాకంలో గరిటె పెట్టకూడదు
తాంగ్‌హులు అంటే పుల్లకు గుచ్చిన పండ్లకు పంచదార పాకం పట్టించే చైనా మిఠాయి. దానికి పాకం అడుగంటకుండా కలుపుతూనే ఉండాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. పంచదార కరిగాక గరిటె పెడితే పాకం తెల్లగా పలుకు కట్టేస్తుంది, పండు మీద అద్దంలా నిలవదు. రెండు కప్పుల పంచదారకు కప్పు నీళ్లు పోసి, కదపకుండా వదిలేయాలి. సుమారు 150 డిగ్రీలకు రావాలి. థర్మామీటర్ లేకపోతే చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి చూడండి, టప్పుమని విరగాలి. సాగిందంటే ఇంకా కాలేదు. మా ఇంట్లో స్ట్రాబెర్రీలు కడిగి, గుడ్డతో ఒత్తి, ఫ్యాన్ కింద ఆరాకే పుల్లకు గుచ్చుతాం. తడి ఉంటే పాకం జారిపోతుంది. బీజింగ్‌లో చలికాలంలో అమ్మే అసలు రకానికి పుల్లటి హాథార్న్ పండ్లు వాడతారు, అందుకే ఆ తీపి మొహం మొత్తదు. మనకైతే పుల్లటి ద్రాక్ష బాగుంటుంది. పిల్లల్ని మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వకండి, ఆ పాకం చర్మానికి అంటుకుంటే వదలదు.